బలం కాదు, బరువు

ఇంజను బలమే స్పోర్ట్స్ కారుకు కొలమానమని చాలామంది నమ్మకం. చరిత్ర ఆ మాట ఒప్పుకోదు. 1945లో ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన ఎంజీ టీసీది 1250 సీసీ ఇంజను, శక్తి 54 హార్స్‌పవరే. 1949 నాటి కాడిలాక్ వీ8 ఇంజను 160 హార్స్‌పవర్ ఇచ్చేది. అయినా అమెరికన్లు స్పోర్ట్స్ కారుగా నెత్తిన పెట్టుకున్నది ఆ బుల్లి టీసీనే. రెండే సీట్లు, మడిచే టాపు, సన్నని చక్రాలు, అమెరికా రోడ్లకు నప్పని కుడివైపు స్టీరింగు. సుఖం మాట దేవుడెరుగు. కానీ తేలికైన కారు గనుక మలుపుల్లో చెప్పినట్టు వినేది. ఎక్కడికో చేరడానికి కాక నడపడం కోసమే నడపాలనిపించే బండి అది.

మరి ఫెరారీ, పోర్షేల శక్తి మాటేమిటని అడగవచ్చు. శక్తి ఉండటం తప్పు కాదు. దానికోసం బరువు పెంచితేనే చిక్కు. ముక్కు బరువెక్కిన కారు మలుపులో మొరాయిస్తుంది. సీట్ల లెక్కా గీటురాయి కాదు, 1964 నాటి పోర్షే 911కు వెనక రెండు చిన్న సీట్లున్నాయి. కోలిన్ చాప్‌మన్ 1957లో లోటస్ సెవెన్‌ను తేలికదనం మీదే నిలబెట్టాడు. 1989లో మాజ్డా అదే బాట పట్టి, 1.6 లీటర్ల ఇంజనుతో, టన్ను లోపు బరువుతో ఎంఎక్స్-5 తెచ్చింది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువగా అమ్ముడైంది అదే.