గట్టి స్ప్రింగుకు దక్కిన పేరు

1936 సీజన్ మెర్సిడెస్ బెంజ్ రేసింగ్ జట్టుకు తలవంపులు తెచ్చింది. ఆ ఏటి యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌ను ఆటో యూనియన్ తరఫున బెర్న్‌ట్ రోజ్‌మైయర్ ఎగరేసుకుపోయాడు. ఓడిన కంపెనీ తన రేసింగ్ విభాగాన్ని కొత్తగా కట్టుకుని, సాంకేతిక బాధ్యతను రుడోల్ఫ్ ఉలెన్‌హౌట్ అనే ముప్పై ఏళ్ల ఇంజినీరు చేతిలో పెట్టింది. అతను ఆ ఓడిన కార్లను నూర్‌బర్గ్‌రింగ్‌కు తీసుకెళ్లి తనే స్టీరింగ్ పట్టాడు. తేలిందేమిటంటే, స్ప్రింగులు మరీ గట్టి, వాటిని మోసే ఫ్రేము మరీ మెతక. గతుకు తగిలినప్పుడు కదలాల్సిన చక్రం కదలడం లేదు, కదలకూడని ఫ్రేము మెలితిరుగుతోంది. 1937కి తయారైన డబ్ల్యూ125 కారులో ఉలెన్‌హౌట్ ఈ రెండింటినీ తారుమారు చేశాడు. ఫ్రేమును బలమైన ఉక్కు గొట్టాలతో బిగించాడు, స్ప్రింగులను మెత్తబరిచాడు, చక్రం పైకీ కిందికీ కదిలే దూరాన్ని పెంచాడు, ఆ కదలికను అదుపు చేసే పనిని డాంపర్లకు అప్పగించాడు. మన మెకానిక్కులు షాక్ అబ్జార్బర్లనేది వీటినే. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ మెర్సిడెస్ నడిపిన రుడోల్ఫ్ కారచోలాకు వచ్చింది.

ఇది జరిగి తొంభై ఏళ్లు కావస్తోంది. అయినా ఇవాళ కొత్త కారు గురించి రాసేవాళ్లూ అమ్మేవాళ్లూ చెప్పే మాట మారలేదు: సస్పెన్షన్ కాస్త గట్టిగా ఉంటుంది, కుదుపు తెలుస్తుంది, కానీ మలుపుల్లో రోడ్డును కరుచుకుని పోతుంది. సుఖం కొంత వదులుకుంటే అదుపు కొంత దొరుకుతుందన్న ఈ బేరంలో నిజం లేకపోలేదు, కానీ అది ప్రచారంలో ఉన్నంత పెద్ద నిజం కాదు. చరిత్ర తిరగేస్తే గట్టి స్ప్రింగు చాలాసార్లు వేరే లోపాన్ని కప్పిపుచ్చడానికి వచ్చింది, వేరే భాగాలు చేసిన పనికి పేరు మాత్రం తను కొట్టేసింది.

కారు తన తొలి స్ప్రింగులను గుర్రపు బండి నుంచి అరువు తెచ్చుకుంది. 1804లో ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ పేటెంటు పొందిన కోడిగుడ్డు ఆకారపు కమాను కట్టలకూ, మన జట్కా బండి కింద కనిపించిన కమానులకూ, నేటి లారీ కట్టలకూ వంశం ఒకటే. ఇంజను వచ్చి వేగం పెరిగాక ఈ ఏర్పాటులో చిక్కులు బయటపడ్డాయి. ముందు రెండు చక్రాలనూ ఒకే ఇరుసు కలిపేది, కాబట్టి ఒక చక్రం గతుకులో పడితే రెండోది కూడా ఒరిగేది. ముందు స్ప్రింగు మెత్తగా ఉంటే వేగంలో చక్రాలు అటూ ఇటూ గిలగిలా కొట్టుకునేవి, ఆ వణుకు స్టీరింగు దాకా పాకేది. బ్రేకు వేస్తే ఇరుసు మెలితిరిగేది. మందు ఒక్కటే కనిపించింది: ముందు స్ప్రింగును బిగించడం. అప్పటి డాంపర్లు ఇందుకు తోడయ్యాయి. ఫ్రాన్సులో ట్రుఫో కనిపెట్టగా అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అమ్మిన రకం ఒరిపిడి మీద పనిచేసేది, బిళ్లలు ఒకదానికొకటి రాసుకుని ఊపును ఆపేవి. చిన్న గతుకుకు అవి అసలు కదలక బిగుసుకుపోయేవి, పెద్ద గతుకుకు చాలేవి కావు. ఫలితంగా రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలపు స్పోర్ట్స్ కారులో స్ప్రింగు దాదాపు కదిలేది కాదు, దాని పనిని వంగే ఫ్రేమే చేసేది. వేగంగా పోయే కార్లన్నీ నడుము విరిచేవే కావడంతో, నడుము విరిచేదే వేగంగా పోతుందని జనం తీర్మానించుకున్నారు. ఆ తీర్మానమే వారసత్వంగా మనదాకా వచ్చింది.

దాన్ని మొదట పద్ధతిగా ప్రశ్నించినవాడు మారిస్ ఆలీ. వేల్స్‌లో పుట్టి, రోల్స్ రాయిస్‌లో పనిచేసి, 1930లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి క్యాడిలాక్‌లో చేరాడు. అక్కడ పెద్ద లిమూజిన్ ఒకదానికి ముందూ వెనకా జరిపి పెట్టుకోగల బరువులు తగిలించి, స్ప్రింగుల బిగువును ఇష్టం వచ్చినట్టు మార్చుకునేలా ఒక ప్రయోగ వాహనం తయారుచేయించాడు. కొలిచే యంత్రాల కన్నా కూర్చున్నవాళ్ల ఒంటినే ఎక్కువ నమ్మాడు. బరువులూ స్ప్రింగులూ మారుస్తూ ఎప్పుడు హాయిగా ఉందని వాళ్లనే అడిగాడు. జవాబు అప్పటి ఆచారానికి పూర్తిగా ఎదురుగా వచ్చింది. ముందు స్ప్రింగులు వెనకవాటికన్నా మెత్తగా ఉంటేనే ప్రయాణం సమంగా సాగుతోంది. కారణం తేలికే. గతుకు ముందు చక్రాలకు తగిలిన కాసేపటికి వెనక చక్రాలకు తగులుతుంది. వెనకభాగం కొంచెం త్వరగా ఊగితే, ఆలస్యంగా మొదలుపెట్టినా ముందుభాగాన్ని అందుకుంటుంది, అప్పుడు కారు ముక్కు ఎగరేస్తూ తోక దించుతూ పోకుండా మొత్తంగా ఒకేసారి లేచి దిగుతుంది. కానీ ఒకే ఇరుసున్నంతకాలం ముందు స్ప్రింగును మెత్తబరచడం ప్రమాదం. అందుకే ఆలీ ముందు చక్రాలను విడివిడిగా వేలాడదీసే పద్ధతికి పట్టుబట్టాడు. 1934 మోడళ్లతో జనరల్ మోటార్స్ దాన్ని తన కార్లలోకి తెచ్చింది. ఐరోపాలో లాన్చియా లాంబ్డా 1922లోనే ముందు చక్రాలను విడదీసింది. పైగా బాడీనే గట్టి పెట్టెలా కట్టి విడి ఫ్రేమును వదిలేసింది. సుఖమూ అదుపూ రెండూ కలిసి పెరిగిన సందర్భాలివి.

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. బిగువును ఇంజినీర్లు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న సంఖ్యతో కొలుస్తారు. కారు తన బరువుకే స్ప్రింగు మీద 25 సెంటీమీటర్లు కుంగితే సెకనుకు ఒకసారి ఊగుతుంది, 11 సెంటీమీటర్లు కుంగితే ఒకటిన్నర సార్లు, 6 సెంటీమీటర్లే కుంగితే రెండుసార్లు. మామూలు కార్లు ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఉంటాయి, బిగువైన స్పోర్ట్స్ కార్లు రెండు దాకా పోతాయి. నిలువు కుదుపుల్లో మనిషి ఒంటికి అన్నిటికన్నా చేటు చేసేవి సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చేవి. కారు ఊపు ఆ హద్దుకు ఎంత దూరంగా ఉంటే అంత సుఖం. అదుపు సంగతికొస్తే, మలుపులో లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది కారు బరువు ఎంత ఎత్తున ఉంది, చక్రాల మధ్య ఎడం ఎంత, ఎంత వేగంగా తిప్పారు అన్నవాటి మీదే దాదాపు పూర్తిగా ఆధారపడుతుంది. స్ప్రింగు ఎంత గట్టిదైనా ఆ మొత్తాన్ని చెప్పుకోదగ్గంత తగ్గించలేదు. అది చేయగలిగినవి రెండు: ఆ భారం ముందు ఇరుసుకెంత, వెనక ఇరుసుకెంత అని పంచడం, స్టీరింగు తిప్పాక బాడీ ఒరగడం త్వరగా ముగించడం. రెండోది చిన్న లాభం కాదు. తిప్పీ తిప్పగానే కారు స్పందించిందన్న తృప్తి అక్కడే పుడుతుంది. కానీ అది నున్నటి రోడ్డు మీది తృప్తి. గతుకుల మలుపులో గట్టి స్ప్రింగు చక్రాన్ని ఎగరేస్తుంది, టైరు నేలను నొక్కే బలం క్షణక్షణం మారుతుంది, అలా మారే టైరు సగటున తక్కువ పట్టు ఇస్తుంది.

మెత్తని స్ప్రింగుకు అదుపు చేతకాదనేవాళ్లు 1950ల, 60ల అమెరికన్ సెడాన్లను చూపిస్తారు. సముద్రం మీద ఓడలా తూగిన మాట నిజమే. అయితే అందులో స్ప్రింగుల మెత్తదనం పాలెంత, డాంపర్ల దగ్గర చేసిన పిసినారితనం, బండ బరువు, ఎంత తిప్పినా కదలని స్టీరింగు పాలెంత? అదే కాలంలో అంతకన్నా మెత్తని కారొకటి ఫ్రాన్సులో ఉంది. 1955లో సిట్రోయెన్ తెచ్చిన డీఎస్ ఉక్కు స్ప్రింగులకు బదులు గోళాల్లో బంధించిన నైట్రోజన్ వాయువు మీద కూర్చునేది, నూనె ఆ వాయువును నొక్కేది. గోళం మెడలో నూనె దారికి అడ్డున్న కవాటాలే డాంపర్లు. ఎంతమంది ఎక్కినా నూనె ఒత్తిడి సర్దుకుని కారు ఎత్తును మారనిచ్చేది కాదు. మలుపులో డీఎస్ బాగా ఒరిగేది, చూసేవాళ్లకు భయం కూడా వేసేది. అయినా ఆ కుటుంబపు కార్లు 1959లో మాంటే కార్లో ర్యాలీనీ, 1962లో ఫిన్లండ్‌లోని వెయ్యి సరస్సుల ర్యాలీనీ గెలిచాయి. ఒరగడం వేరు, పట్టు జారడం వేరు. తన రేసు కార్లను సన్నగా చెక్కిన లోటస్ అధిపతి కాలిన్ చాప్‌మన్ కూడా 1962 నాటి ఎలాన్‌కు మెత్తని స్ప్రింగులే వేశాడు. దాని స్టీరింగును ఇప్పటికీ కొలబద్దగా చూపే ఇంజినీర్లున్నారు.

వీటికన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది, అది మినీ. 1959లో వచ్చిన ఆ బుల్లి కారుకు అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు శంకువులే స్ప్రింగులు. కుదుపుకు అది పెట్టింది పేరు, మలుపుల్లో దానికి సాటి లేదన్నదీ అంతే ప్రసిద్ధి. 1964లో ప్యాడీ హాప్‌కర్క్ దానితోనే మాంటే కార్లో గెలిచాడు. మరి బిగువు గెలిపించినట్టే కదా? కాదనుకుంటాను. రబ్బరును ఎంచుకోవడానికి మొదటి కారణం చోటు. పది అంగుళాల చక్రాల పక్కన ఉక్కు స్ప్రింగుకు జాగా లేదు. పైగా దాదాపు ఆరువందల కిలోల కారులో నలుగురు ఎక్కితే బరువు సగం దాకా పెరుగుతుంది, నొక్కేకొద్దీ బిగుసుకునే రబ్బరు దాన్ని కాచుకుంటుంది. మలుపుల్లో దాని చురుకుదనం తక్కువ బరువు నుంచీ, నేలకు దగ్గరగా ఉన్న ఒంటి నుంచీ, నాలుగు మూలలకు నెట్టిన చక్రాల నుంచీ వచ్చింది. తయారుచేసినవాళ్లకే రబ్బరు మీద మమకారం లేదు. 1964లో ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ ద్రవంతో కలిపే మౌల్టన్ గారి హైడ్రోలాస్టిక్‌కు మినీని మార్చారు. తర్వాత మళ్లీ శంకువులకే వెళ్లారు, అందులో ఖర్చు తగ్గించుకునే లెక్క పెద్దది.

రేసు కార్లు ఇవాళ్టికీ రాయిలా గట్టిగా ఉంటాయిగా అనేవాళ్లకు జవాబు 1977 తర్వాతి ఫార్ములా వన్‌లో దొరుకుతుంది. ఆ ఏడాది లోటస్ 78, మరుసటి ఏడాది లోటస్ 79 కారు అడుగుభాగాన్నే తలకిందుల రెక్కగా మార్చి, గాలితో కారును నేలకు పీల్చిపెట్టాయి. 1978లో మారియో ఆండ్రెట్టి వాటితో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఈ పీల్పు నిలవాలంటే అడుగుకూ నేలకూ మధ్య ఎడం మారకూడదు. మారకూడదంటే స్ప్రింగు కదలకూడదు. గాలి జొరబడకుండా పక్కల పెట్టిన జారే అంచులను నిషేధించి, 1981లో కనీసం ఆరు సెంటీమీటర్ల ఎడం ఉండాలని నియమం పెడితే, గోర్డన్ మర్రీ బ్రాబమ్ కారును పరుగులో దానంతటదే కిందికి దిగేలా చేశాడు, మిగతా జట్లు అనుకరించాయి. చివరికి సస్పెన్షన్ ఉందన్న పేరే గానీ, టైరు గోడ తప్ప మరేదీ వంగని స్థితి వచ్చింది. డ్రైవర్ల చూపు మసకబారేంత కుదుపు అది. చాప్‌మన్ అప్పుడు వేసిన ఎత్తు చూడండి. లోటస్ 88కి రెండు ఛాసిస్‌లు పెట్టాడు, గాలి భారాన్ని మోయడానికి గట్టిది ఒకటి, డ్రైవరునూ ఇంజనునూ మోయడానికి మెత్తనిది ఇంకొకటి. 1981లో దాన్ని పోటీకి రానివ్వలేదు. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు: గట్టిదనాన్ని కోరింది గాలి, టైరూ కాదు, మనిషీ కాదు. 2022లో ఆ రకం అడుగుభాగాలు మళ్లీ వచ్చినప్పుడు కార్లు గంతులేశాయి, బాకూ రేసు ముగిశాక లూయిస్ హామిల్టన్ నడుం పట్టుకుని దిగాడు, అదే ఏడాది ఈ పోటీల నియమాలు చూసే ఎఫ్ఐఏ నిలువు కుదుపులకు పరిమితి విధించింది. గంటకు ఎనభైలో నార్కెట్‌పల్లి దాటే కారుకు ఈ గాలి లెక్కలతో పనిలేదు.

మన దగ్గర గట్టి స్ప్రింగుకు అసలు కారణం వేగం కాదు, బరువు. సరుకు దించేసి తిరిగొచ్చే లారీ ఎగిరెగిరి పడటం, అదే లారీ నిండుగా ఉంటే నిబ్బరంగా పోవడం అందరూ చూసిందే. కట్టలు నిండు బరువుకు వేసినవి, ఖాళీకి ఎక్కువైపోతాయి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చి 2014 దాకా తయారైన అంబాసిడర్‌కు వెనక కమాను కట్టలుండటం ఈ దేశపు వాడకానికి సరిపోయింది. ఎందరెక్కుతారో, డిక్కీలో ఎన్ని బస్తాలు పడతాయో చెప్పలేం. ఇప్పటి ఎస్‌యూవీల కథ వేరు. ఎత్తు పెంచగానే బరువు పైకి పోయింది, మెత్తగా వదిలితే మలుపులో ప్రమాదకరంగా ఒరుగుతుంది, కాబట్టి బిగించక తప్పలేదు. ఇది న్యాయమైన కారణమేనని ఒప్పుకుంటాను. కానీ అది ఎత్తుకు కట్టే సుంకం, దాన్ని స్పోర్ట్స్ గుణంగా అమ్మడం న్యాయం కాదు. పెద్ద రిమ్ములు దీనికి తోడు. రిమ్ము పెరిగినకొద్దీ టైరు గోడ తగ్గుతుంది, ఉచితంగా దొరికే స్ప్రింగును చేజేతులా కోసేసుకున్నట్టే. స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున 10 సెంటీమీటర్ల ఎత్తుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది, మన ఊళ్లలో ఎదురయ్యేవి చాలామటుకు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. ఇలాంటి రోడ్ల మీద చక్రానికి కదలడానికి దూరం కావాలి, ఆ కదలికను ఒక్క ఊపులో ఆపే మంచి డాంపర్లు కావాలి.

కొత్త కారు చూడబోయేవాళ్లు షోరూం ముందు నున్నటి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తృప్తిపడకండి. పాడైన మలుపు ఒకటి వెతికి, అక్కడ చక్రం పక్కకు గెంతుతోందా, స్పీడు బ్రేకరు దిగాక బాడీ ఒక్కసారి ఊగి ఆగుతోందా, ఇంకా ఊగుతోందా చూడండి. వెనక సీట్లో ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఎక్కువ మాటలు వాళ్లనే మాట్లాడనివ్వండి. ఒకే మోడల్‌లో చిన్న రిమ్మున్న రకం దొరికితే మొదట దాన్నే నడిపి చూడండి.