సెలవు కోరిన తిలక్

పై న్యాయస్థానానికి పోవడానికి ముందుగా అనుమతి పొందవలసిన సందర్భాలు కొన్ని ఉన్నవి. ఆ అనుమతిని ఇంగ్లీషు న్యాయపరిభాషలో 'లీవ్' అంటారు. తెలుగులో ఉత్తరువు, అనుమతి, వీడుకోలు అనే మూడర్థాలనూ మోయగల 'సెలవు' దీనికి చక్కగా సరిపోతుంది. అర్జీకీ దరఖాస్తుకూ అలవాటుపడిన కోర్టు తెలుగు ఈ మాటను ఎందుకో చేరదీయలేదు.

సెలవు కోరడంలో ఒక మెలిక ఉన్నది. కింది తీర్పు తప్పని చెబితే చాలదు. అది పైవారు వినదగినంత పెద్ద తప్పని చూపవలెను. బ్రిటిషు హయాములో ఆఖరి గడప లండనులోని ప్రీవీ కౌన్సిలు. నేరవిషయాలలో ఆ గడప మరీ ఎత్తు. విచారణ పద్ధతులను తోసిపుచ్చడంవల్లనో, సహజన్యాయాన్ని ఉల్లంఘించడంవల్లనో ఘోరమైన అన్యాయం జరిగితే తప్ప తాము కలుగజేసుకోమని 1887లో డిల్లెట్ వ్యవహారంలో ఆ కౌన్సిలు చెప్పియున్నది.

పది సంవత్సరాల తరువాత బాలగంగాధర తిలక్ ఆ గడప ముందు నిలిచినాడు. 1897 జూన్‌లో 'కేసరి' ప్రకటించిన మరాఠీ రచనలకుగాను శిక్షాస్మృతి 124-ఎ విభాగం కింద ఆయనపై రాజద్రోహ నేరం మోపినారు. వివాదమంతా 'డిస్అఫెక్షన్' అనే ఒక్క మాట మీద. ప్రభుత్వంపై ప్రీతి లేకపోవడమే దాని అర్థమని న్యాయమూర్తి స్ట్రేచీ జూరీకి బోధించినాడు. అనువాదకులెవరైనా ఇక్కడ ఉలిక్కిపడతారు. ప్రీతి లేకపోవడం వేరు, ద్రోహబుద్ధి వేరు. మొదటిది నేరమైతే జైళ్లు చాలవు. జూరీలో ఆరుగురు యూరోపియనులు నేరస్థుడన్నారు, ముగ్గురు భారతీయులు కాదన్నారు. పద్దెనిమిది నెలల కఠినశిక్ష పడినది.

అప్పీలుకు సెలవివ్వడానికి బొంబాయి హైకోర్టు నిరాకరించినది. నవంబరులో ప్రీవీ కౌన్సిలు యెదుట తిలక్ పక్షాన ఆస్క్విత్ వాదించినాడు. ఇంగ్లండు ప్రధానమంత్రి కాబోయేవాడు ఆయనే. జూరీకి చేసిన బోధను మొత్తంమీద చూస్తే సరిదిద్దవలసినదేమీ కనబడలేదని చెప్పి, కౌన్సిలు సెలవు నిరాకరించినది. మరుసటి యేడు చట్టాన్ని సవరించి, ఆ మాటలో అవిధేయతా, సకలవిధాల శత్రుభావమూ చేరునని వివరణ చేర్చినారు.

1908లో మళ్లీ అదే విభాగం. 1897లో తిలక్‌కు జామీను ఇప్పించిన న్యాయవాది దావర్ ఈసారి న్యాయపీఠంపై కూర్చుండి, జిన్నా చేసిన జామీను విన్నపాన్ని తోసివేసినాడు. తిలక్ తన వాదన తానే వినిపించి, తన మరాఠీని ప్రభుత్వానువాదకులు చెడగొట్టిన తీరును మాటమాటకూ ఎత్తిచూపినాడు. ఆరేళ్ల ప్రవాసశిక్ష పడినది. ఈసారి కూడా సెలవు దొరకలేదు. ఆ యేడే బెజవాడ 'స్వరాజ్య' పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు రాజద్రోహం కిందనే కారాగారం ప్రాప్తించినది.

సెలవు నిరాకరణ కక్షిదారుతో ముగిసిపోయే సంగతి అనుకొంటాము. తిలక్ విషయంలో అట్లు జరుగలేదు. కల్లోలం రేపే ప్రవృత్తి లేని మాటలు రాజద్రోహం కావని 1942లో నీహారేందు దత్త మజుందార్ వ్యవహారంలో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పగా, అది సరికాదని 1947లో ప్రీవీ కౌన్సిలు కొట్టివేసినది. అందుకు ఆధారంగా తీసినవాటిలో తిలక్ విన్నపాన్ని తోసివేసిన ఆ నాలుగు మాటలూ ఉన్నవి. పూర్తిగా వినని అప్పీలు యాభై సంవత్సరాలకు ప్రమాణమైనది!

ప్రీవీ కౌన్సిలు అధికారం 1949లో పోయినది. ప్రత్యేకమైన సెలవునిచ్చే అధికారం రాజ్యాంగం 136వ అధికరణం ద్వారా సుప్రీంకోర్టుకు సంక్రమించినది. 1962లో కేదారనాథ్ సింగ్ వ్యవహారంలో ఆ కోర్టు 124-ఎ విభాగాన్ని నిలిపియుంచినా, హింసకో అశాంతికో పురికొల్పే మాటలకే దానిని పరిమితం చేసి, ఫెడరల్ కోర్టు చెప్పిన అర్థం వైపే మొగ్గినది. అప్పటికి తిలక్ మరణించి నలభైయొక్క సంవత్సరాలు దాటినవి.