పేరు వెనుక ఉన్న సంఖ్య

కంప్యూటరులో దాచుకొనే ప్రతి ఫైలుకూ మనం ఒక పేరు పెడతాము. ఆ పేరే దాని గుర్తని మన నమ్మకం. యూనిక్స్ వ్యవస్థను నిర్మించినవారు మాత్రం పేరును అంతగా నమ్మలేదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ, రడ్ కనడే అనే ముగ్గురు నల్లబల్లల మీద గీసుకొన్న ప్రణాళికలో, ఫైలు పరిమాణమెంత, డిస్కుమీద ఎక్కడెక్కడ ఉన్నది మొదలైన వివరాలు ఒక పట్టికలోకి చేరాయి. ఆ పట్టికలోని వరుస సంఖ్యే ఫైలుకు అసలు గుర్తు. వివరాల గడిని ఐనోడు అన్నారు. ఆ ‘ఐ’ దేనికి సంకేతమని తరువాతి కాలంలో అడిగితే, ‘ఇండెక్స్’ కావచ్చునని రిచీ ఊహించారే గాని నిశ్చయంగా చెప్పలేకపోయారు. పేరు పెట్టినవారే మరచిపోయిన పేరది!

డైరెక్టరీ అంటే పేరు పక్కన సంఖ్య వ్రాసిన జాబితా మాత్రమే. 1979 నాటి ఏడవ యూనిక్స్‌లో పద్దుకు 16 బైట్లు: సంఖ్యకు 2, పేరుకు 14. సంఖ్య సున్న అయితే ఆ పద్దు ఖాళీ. రెండు బైట్లలో 65,535కు మించిన సంఖ్య పట్టదు. 1983లో వెలువడిన బర్క్‌లీ యూనిక్స్ దానిని నాలుగు బైట్లకు పెంచింది.

చోటు పెంచడం సులువే. చిక్కంతా మరొకచోట ఉన్నది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఉదయం భక్తిగీతమని ప్రకటించి టేపు తిప్పితే, ఎరువుల వాడకంపై ప్రసంగం వినిపించింది. పాత టేపు చెరిపి, దాని నంబరే కొత్త రికార్డింగుకు ఇచ్చారు. మా చీటీలో మాత్రం పాత నంబరే మిగిలింది. ఫైళ్ల విషయంలోనూ ఇంతే. ఒక ఫైలు తుడిచివేస్తే దాని సంఖ్య ఖాళీ అయి, రేపు మరొక ఫైలుకు దక్కుతుంది. ఒకే యంత్రంలో పనిచేసినంతకాలం, తెరచి ఉన్న ఫైలు సంఖ్యను వ్యవస్థ ఎవరికీ ఇవ్వదు కాబట్టి, ప్రమాదం లేదు. దూరపు యంత్రం ఆ సంఖ్యను చీటీ వలె దాచుకొన్నప్పుడే ముప్పు: తన ఫైలనుకొని పరుల ఫైలులో వ్రాయవచ్చును. 1985లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు తమ నెట్‌వర్కు పద్ధతిని వివరిస్తూ దీనికొక ఉపాయం చెప్పారు. ఐనోడు సంఖ్యకు తోడుగా తరం సంఖ్య ఉంటుంది. గడి చేతులు మారినప్పుడల్లా అదీ మారుతుంది. తరం కలియకపోతే చీటీ చెల్లదు.

మరి ఐనోడులే లేని డిస్కుల మాటేమి? మన పెన్‌డ్రైవులలో కనబడే మైక్రోసాఫ్ట్ వారి ఫ్యాట్ పద్ధతి అటువంటిదే. డిస్కుకూ వ్యవస్థకూ నడుమ దుబాసీ వంటి ప్రోగ్రామును డ్రైవరు అంటారు. ఫ్యాట్ డ్రైవరు వ్రాసేవారు లేని సంఖ్యను తామే కల్పించవలెను. లైనక్స్‌లో సాధారణంగా అప్పటికప్పుడు వాడుకలో లేని సంఖ్య ఒకటి ఇస్తారు. ఫైలు జ్ఞాపకంలోనుంచి తొలగిపోతే ఆ సంఖ్యా పోతుంది, దూరపు యంత్రం చేతిలోని చీటీ చెల్లకపోవచ్చును. డైరెక్టరీలో ఫైలు పద్దు ఉన్న స్థానాన్నే సంఖ్యగా తీసుకొంటే అది నిలకడగా ఉంటుంది గాని, పేరు మార్చినా, తుడిచినా, అదే చోటు మరొక ఫైలుకు దక్కవచ్చును. 2013లో ఈ రెండవ మార్గాన్ని కూడ లైనక్స్‌లో చేర్చినవారు ఒక షరతు పెట్టారు: ఆ మార్గం ఎంచుకొన్న డిస్కును చదువుకోవచ్చును, దానిపై ఒక్క అక్షరమైనా వ్రాయరాదు.