మందుల వివరణ (డిశ్చార్జి తర్వాత)

ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళే రోగికి ఏ మందు ఎందుకు, ఎప్పుడు, ఎన్నాళ్ళు వాడాలో, పాతవాటిలో ఏది ఆపాలో తెలిసేలా చెప్పే పని. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. కృష్ణా డెల్టాలోని చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక ఇళ్ళలో మందుల పేర్లు మాత్రం 'షుగరు బిళ్ళ', 'గుండె మాత్ర'.

తొలి పద్ధతులు. ఆయుర్వేద వైద్యులు శతాబ్దాలుగా మందుతోపాటు పథ్యం, అనుపానం చెప్పి పంపేవారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో వైద్యం చేసిన ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళకు మిక్స్చర్ సీసాలు వాడుకలో ఉన్నాయి. కాంపౌండర్లు సీసా పక్కన గాట్లు కత్తిరించిన కాగితపు పట్టీ అతికించేవారు. ఒక గాటు ఒక మోతాదు. అక్షరం రానివారికీ పొరపాటు జరగనివ్వని చక్కని ఏర్పాటు అది.

డేవిడ్ వెర్నర్ పుస్తకం 'వైద్యుడు లేని చోట' తెలుగులోకి వచ్చాక ఇదే ఆలోచన బొమ్మల రూపంలో గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు అందింది. ఉదయించే సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, అస్తమించే సూర్యుడు, చంద్రుడు, ఒక్కో బొమ్మ కింద వేసుకోవాల్సిన మాత్రలు. కుష్ఠు నివారణకు 28 రోజుల మాత్రలు ఒకే అట్టలో వచ్చాయి. 1997లో మొదలైన సవరించిన క్షయ కార్యక్రమం ఒక్కో రోగికి మొత్తం కోర్సును ఒక పెట్టెలో విడిగా కేటాయించింది. అప్పట్లో కొత్త రోగులది ఎర్ర పెట్టె, మళ్ళీ చికిత్స తీసుకునేవారిది నీలం పెట్టె.

ఆరోగ్యశ్రీ, ఆ తర్వాత. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకంతో డెల్టా పల్లెల పేదలు గుండె ఆపరేషన్లకు పెద్ద ఆస్పత్రులకు వెళ్ళడం పెరిగింది. పథకం డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులిచ్చింది. 125 చికిత్సలకు ఏడాదిపాటు తదుపరి పరీక్షలు, మందులు కూడా సమకూర్చింది. ఆస్పత్రి గుమ్మంలో ఆరోగ్యమిత్ర అనే సహాయకులు ఉండడం పథకంలోని మేలైన అంశం. తెలిసిన భాషలో పలకరించే మనిషి అక్కడ దొరికారు. అయినా పదకొండో రోజున ఏ మాత్ర కొనసాగించాలో ఇంట్లోనే తేలాలి. గుండెలో మెకానికల్ కవాటం అమర్చుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రను జీవితాంతం మానకూడదు. రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఆకుకూరలు ఒక వారం విపరీతంగా, మరో వారం అసలు లేకుండా తింటే ఆ మాత్ర పనితీరు మారుతుంది. ఒళ్ళునొప్పులకని దుకాణంలో మాత్ర కొనుక్కుంటే రక్తస్రావం కావచ్చు. ఇవన్నీ ఒకే కాగితంలో మూడు పొడి అక్షరాలుగా మిగిలిపోతాయి.

'104' సంచార వైద్య వాహనాలు నెలకొక నిర్ణీత రోజున ఊరికి వచ్చి బీపీ, షుగర్ మాత్రలు పంచాయి. 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట దగ్గరి లింగంగుంట్లలో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో వైద్యులు నెలకు రెండుసార్లు ఊరికి వచ్చి, మంచం పట్టినవారిని ఇంటికే వెళ్ళి చూడాలన్నది ఏర్పాటు.

చట్టం. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం మందు ఇవ్వాల్సింది నమోదైన ఫార్మసిస్టే. 2008లో ఆరేళ్ళ ఫార్మ్-డి చదువు వచ్చింది. 2015 ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు మోతాదు, వాడే తీరు, దుష్ఫలితాలు, మోతాదు మరిచిపోతే చేయాల్సింది రోగికి చెప్పడాన్ని ఫార్మసిస్టు బాధ్యతగా రాశాయి. మందుల పేర్లు జెనెరిక్‌లో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో భారత వైద్య మండలి తన నియమావళిని సవరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రారంభించిన 'హాని లేని మందులు' కార్యక్రమం ఆస్పత్రి నుంచి ఇంటికి మారే దశను మూడు ముఖ్యాంశాల్లో ఒకటిగా పెట్టుకుంది.

నేటి వాడుక. తరచూ జరిగే పొరపాటు ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు పడడం. పాత పట్టీ ఇంట్లో, కొత్త పట్టీ సంచిలో ఉంటాయి. దీనికి తగిన పద్ధతి ఇంట్లోని మందులన్నీ ఒకే సంచిలో వేసి తెమ్మనడం. ఒక్కో పట్టీ చేతికిచ్చి "ఇది ఎప్పుడు వేసుకుంటారమ్మా?" అని రోగినే అడిగి, తప్పు చెబితే మళ్ళీ వివరించి, మళ్ళీ చెప్పించుకుంటారు. రాత్రి మాత్ర ఇచ్చే కోడలినో కొడుకునో పక్కన కూర్చోబెట్టుకోవడం కూడా ఇందులో భాగమే.