పూజారి కాదు, ఆమె రాణి

మాయా నాగరికత గురించి నేను మొదట చదివిన పుస్తకంలో రాజులు, పూజారులు, పిరమిడ్లు ఉన్నాయి. ఆడవాళ్ళు లేరు. ఉండి కూడా కనిపించకుండా పోయారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ వెతుకులాటే నన్ను చోల్ భాష దాకా తీసుకెళ్ళింది.

దక్షిణ మెక్సికోలోని చియాపస్ కొండల్లో, తీలా, తుంబలా ప్రాంతాల్లో చోల్ మాట్లాడతారు. 2020 జనాభా లెక్కల ప్రకారం వాళ్ళు సుమారు రెండున్నర లక్షల మంది. మన ద్రావిడ భాషల్లాగే ముప్ఫై దాకా ఉన్న మాయా భాషలదీ ఒక కుటుంబం. అందులో చోల్, తబాస్కోలోని చొంతాల్, గ్వాటెమాలా వైపున్న చొర్తి, అంతరించిపోయిన చొల్తి అక్కచెల్లెళ్ళు. త్సెల్తాల్, త్సోత్సిల్ దగ్గరి చుట్టాలు. క్రీ.శ. 250-900 మధ్య రాళ్ళమీద చెక్కిన శాసనాల్లో ఎక్కువ భాగం ఈ అక్కచెల్లెళ్ళ ఇంటి భాషలోనివే. వాటికి చొల్తి, చొర్తి మరింత దగ్గరని కొందరు పండితులంటారు.

ఆ శాసనాలు దేవుళ్ళ గురించీ, గ్రహాల గురించీ మాత్రమేనని చాలాకాలం నమ్మారు. పొడవాటి అంగీల్లో ఉన్న బొమ్మలు మగ పూజారులవనుకున్నారు. తతియానా ప్రొస్కురియాకోఫ్ ఆర్కిటెక్చర్ చదివి, ఆర్థికమాంద్యం రోజుల్లో ఉద్యోగం దొరక్క, మ్యూజియంకి బొమ్మలు గీస్తూ ఈ రంగంలోకి వచ్చింది. గ్వాటెమాలాలోని పియెద్రాస్ నెగ్రాస్ శిలలమీది తేదీలను ఆమె వరుసగా పేర్చి చూసింది. ఒక్కో వరుస ఒక మనిషి జీవితకాలాన్ని దాటడం లేదు. అంటే అవి పుట్టుకలు, పట్టాభిషేకాలు! 1960లో ఈ సంగతి ప్రకటించింది. అంగీలు తొడుక్కున్నవాళ్ళు ఆడవాళ్ళనీ, వాళ్ళ పేర్ల ముందున్న స్త్రీ ముఖం వాళ్ళ గుర్తనీ చెప్పింది. 711 నాటి ఒక శిలమీద రాణి, ఆమె పక్కన మూడేళ్ళ కూతురు కూర్చుని ఉన్నారు.

ఆ ముఖాన్ని ఇప్పుడు 'ఇష్' అని చదువుతున్నారు. స్త్రీని చోల్‌లో ఈనాటికీ 'ఇషిక్' అనే అంటారు. రాణి పేరు ముందు చెక్కిన మాటే మొక్కజొన్న విసిరే చేతులదీ అయింది.

కానీ ఆ చేతులకు రాణి మర్యాద దక్కలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర విదేశీయుల కాఫీ తోటలు వచ్చి చోల్ కుటుంబాలను అప్పుల్లో బంధించాయి. వాళ్ళ మాటను 'దియాలెక్తో' అని, అంటే వట్టి యాస అని, స్పానిష్ మాట్లాడేవాళ్ళు చిన్నచూపు చూశారు. తెలంగాణ ఆడవాళ్ళకు ఈ అవమానం విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ చిన్నచూపు మధ్యే తుంబలా కవయిత్రి హువానా పెన్యాతె మొంతెహో చోల్‌లో రాస్తూ వచ్చింది. 2020లో అమెరికా ఖండాల ఆదివాసీ సాహిత్య పురస్కారం అందుకుంది.

చోల్ వాళ్ళు తమ భాషను 'లక్ త్యాన్' అంటారు. 'మన మాట' అని. మనకు 'మన', 'మా' వేరైనట్టే వాళ్ళకీ వేరు. 'లక్' అంటే వినేవాళ్ళను కూడా కలుపుకునే 'మన'. చరిత్ర రాసినవాళ్ళు చాలాకాలం 'మా' అనే రాశారు. ఆ శిలమీది తల్లీకూతుళ్ళను చూసినప్పుడల్లా, అందులోకి 'మన' రావడానికి ఒక స్త్రీ కళ్ళు కావాల్సి వచ్చిందని గుర్తొస్తుంది నాకు.