వాన కంటే ముందే వచ్చే ముప్పు: కాలబైశాఖి మేఘాలు, విమానాలు

మార్చి నుంచి మే వరకు, ఎండ మాడ్చిన రోజున సాయంత్రం ఖరగ్‌పూర్‌కు వాయవ్య దిశలో చూరులా వంగిన నల్లని మేఘం నేలకు దగ్గరగా కనిపిస్తుంది. కొద్ది నిమిషాల్లో ధూళి లేచి, ఉక్కపోత తగ్గి, చల్లని గాలి విరుచుకుపడుతుంది. వాన ఆ తరువాతే. ఇదే కాలబైశాఖి. రైల్వే ఉద్యోగాలకు వచ్చి తరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ చల్లగాలి ఊరట. విమానానికి మాత్రం అదే అత్యంత ప్రమాదకరమైన ఘట్టం.

ఛోటానాగ్‌పూర్ పీఠభూమి మీద పుట్టే ఈ గాలివానలకు బంగాళాఖాతపు తేమ బలమిస్తుంది. క్యుములోనింబస్ మేఘం నుంచి జారే వానచినుకుల్లో కొన్ని దారిలోనే ఆవిరై చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. బరువెక్కిన ఆ గాలి నేలను తాకి నలుదిక్కులకూ పరుచుకుంటుంది. దాని ముందు అంచు తేమగాలిని పైకి నెట్టినప్పుడు ఏర్పడేదే చూరు మేఘం. తల్లిమేఘం నుంచి విడిపోయి గొట్టంలా దొర్లేది చుట్ట మేఘం. ఈ అంచు గాలివానకు ఎన్నో కిలోమీటర్ల ముందుకు సాగిపోగలదు. విమానంలోని వాతావరణ రాడార్ ప్రధానంగా వానచినుకులను పసిగడుతుంది. చినుకు లేని చోట సుడులు తిరిగే గాలి దానికి సరిగా చిక్కదు. అందుకే తీవ్రమైన గాలివానకు కనీసం 20 మైళ్ల దూరం పాటించాలని అమెరికా విమానయాన సంస్థ పైలట్లకు సూచిస్తుంది.

నేలకు దగ్గరగా ముప్పు మరీ ఎక్కువ. కిందికి దూకి విచ్చుకునే గాలిలోకి ప్రవేశించిన విమానానికి మొదట ఎదురుగాలి తగులుతుంది, రెక్కలకు ఎత్తుబలం పెరుగుతుంది. అది చూసి పైలట్ ఇంజిన్ల శక్తి తగ్గిస్తే, క్షణాల్లో కిందికి నెట్టే గాలి, ఆ వెంటనే వెనుకగాలి ఎదురవుతాయి. తేరుకోవడానికి ఎత్తు మిగలదు. 1975 జూన్ 24న న్యూయార్క్‌లో 113 మందిని బలిగొన్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ప్రమాదాన్ని పరిశీలించిన శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా ఈ ‘డౌన్‌బరస్ట్’ను ప్రపంచం ముందుంచారు. తొలుత సందేహించినవారే తరువాత ఒప్పుకున్నారు.

ఖరగ్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న దుర్గాపూర్‌లోనూ ఈ ముప్పు అనుభవమైంది. 2022 మే 1న ముంబయి నుంచి వచ్చి అక్కడ దిగుతున్న బోయింగ్ 737 గాలివాన ప్రాంతంలో తీవ్రమైన కుదుపులకు లోనైంది. పలువురు గాయపడ్డారు, వారిలో ఒక ప్రయాణికుడు కొన్ని నెలల తరువాత మరణించారు.

కాలబైశాఖి పుట్టుకను పసిగట్టేందుకు ‘స్టార్మ్’ పరిశోధన కార్యక్రమంలో భాగంగా ఖరగ్‌పూర్ ఐఐటీలోని 50 మీటర్ల స్తంభంపై వేర్వేరు ఎత్తుల్లో గాలి, ఉష్ణోగ్రత, తేమలను కొలిచారు. పక్కనే కలైకుండ వైమానిక స్థావరం ఉన్న ఈ ప్రాంతానికి అటువంటి కొలతల విలువ వేరే చెప్పనక్కరలేదు. చల్లగాలి అంచు దాటగానే దక్షిణపు గాలి ఒక్కసారిగా వాయవ్యపు గాలిగా మారుతుంది. అంతవరకు ఎదురుగాలితో దిగడానికి అనువైన రన్‌వే కొస, ఆ క్షణం నుంచి వెనుకగాలి కొస అవుతుంది.