ఖరగ్‌పూరులో వాననీటి గుంట

మన పూర్వులు సప్తసంతానములలో తటాకమును ఒకటిగా ఎన్నిరి. కుమారుడు, చెరువు, కావ్యము, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము, ఈ ఏడును మనుష్యుని పేరు నిలుపునవని వారి భావము. ఈ లెక్కలో ఒక సూక్ష్మము కలదు. సంతానమును కనినంత మాత్రమున చాలదు, పెంచవలెను. చెరువు విషయమున ఈ రెండవ పనిని మనము తరచు మరచుచుందుము. త్రవ్వించిన ప్రభువు పేరు శాసనములలో దొరకును. ఏటేట పూడిక తీసి, కట్టపై మొలచిన చెట్లు కొట్టి, తూము శుభ్రపరచిన వాని పేరు దొరకుట అరుదు. ఆ రెండవవాని పక్షమున కొన్ని మాటలు వ్రాయదలచితిని. ఇందుకు నన్ను ప్రేరేపించినది ఖరగ్‌పూరులో, నేను పెరిగిన క్వార్టర్ల వెనుక, ఒకప్పుడుండిన చిన్న గుంట.

ఖరగ్‌పూరు రైలు పెంచిన పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడెను. 1898–1900 సంవత్సరముల నడుమ ఆ కంపెనీ మార్గములు ఇచట కలిసినవి. 1900 ఏప్రిల్‌లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన తెరవబడుటతో హౌరాకు సూటి దారి ఏర్పడెను. విజయవాడ నుండి కటకము వరకు 1893–1896 నడుమ వేయబడిన ఈస్ట్ కోస్టు మార్గములో ఉత్తర భాగము 1902లో ఇదే కంపెనీ చేతికి వచ్చెను. అప్పటి నుండి వాల్తేరు, శ్రీకాకుళము, గంజాము ప్రాంతముల తెలుగువారికి ఖరగ్‌పూరు ఒకే కంపెనీ పట్టాల మీది ఊరయ్యెను. వర్క్‌షాపులోను, లోకో షెడ్డులోను, లైను పనులలోను మనవారు చేరిరి. 1927లో ఇచటి కార్మికుల సమ్మె జరిగిన కాలమున వారి నాయకులలో ముఖ్యులు వి. వి. గిరిగారు. నింపురా, మథురాకాటి వంటి పేటలలో నేటికిని తెలుగు మాట వినబడును.

మనవారు విడిచివచ్చినది చెరువుల సీమ. వచ్చి చేరినది ఎర్రనేల. ఛోటానాగపూర్ పీఠభూమి అంచున నున్న ఈ నేల లాటరైటు నేల. పైపొర క్రింద గట్టిపడిన ఎర్రరాయి కలదు. వాన పడినప్పుడు నీరు త్వరగా ఇంకదు. వాలు దొరికిన వైపు పరుగెత్తును. ఏటా రమారమి 150 సెంటీమీటర్ల వర్షము కురియగా, అందులో అధిక భాగము జూన్ నుండి సెప్టెంబరు వరకు నాలుగు మాసములలోనే కురియును. నలుబది క్వార్టర్ల వరుసను తీసికొందము. ఒక్కొక్క కప్పు 50 చదరపు మీటర్లయినచో, 5 సెంటీమీటర్ల వానకు ఆ కప్పుల మీది నీరే లక్ష లీటర్లగును. ఇది రోడ్లను, పెరళ్లను లెక్కింపని మాట. ఈ లక్ష లీటర్లు గంట సేపటిలో ఎచటికో పోవలెను. ఎచటికి అన్నదే ప్రశ్న.

ఖరగ్‌పూరు పుట్టిన నాటికి దీనికి ఒక జవాబు సిద్ధముగా నుండెను. 1897 ఆగస్టులో సికింద్రాబాదు నందు రొనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అది మన తెలుగు గడ్డ మీద జరిగిన ఆవిష్కారమే. ఆ తరువాత కంటోన్మెంట్లలోను, కొత్త కాలనీలలోను ఇంటి దాపున నిలువనీరు ఉండరాదన్నది సూత్రమయ్యెను. పక్కా కాలువ కట్టి నీటిని త్వరగా దూరమునకు పంపుటయే ఆరోగ్యమని నమ్మిరి. ఆ నమ్మకమున సత్యము లేకపోలేదు. కాని ఒకచోటి నుండి తరిమిన నీరు మరియొక చోట నిలుచునను సంగతిని బెంగాలు త్వరలోనే చూచెను. రైలు కట్టలును, రోడ్డు కట్టలును నీటి సహజ మార్గములకు అడ్డుపడి మలేరియాను పెంచినవని ఆ రాష్ట్రపు ఆరోగ్యశాఖాధిపతి బెంట్లీ 1925లో గ్రంథమే వ్రాసెను. 1930లో విలియం విల్‌కాక్స్ అను నీటిపారుదల ఇంజనీరు కలకత్తా విశ్వవిద్యాలయపు ఉపన్యాసములలో ఇట్టి అభిప్రాయమునే చెప్పెను. నీటికి పోవు దారియు కావలెను, ఉండు చోటును కావలెనని వీరి మాటల సారాంశము.

ఈ సంగతి నేను మొదట విన్నది ఇంజనీర్ల వలన కాదు. మా వరుసల వెనుక పల్లములో ఒక గుంట ఉండెడిది. చుట్టుపట్ల ఇండ్ల వాననీరంతయు అందులో చేరెడిది. టెక్కలి ప్రాంతము నుండి వచ్చి, వర్క్‌షాపులో ఖలాసీగా పనిచేసి విశ్రాంతి పొందిన ఒక వృద్ధుడు దానిని చూచుకొనెడివాడు. ఎవరును ఆయనకు చెప్పలేదు; ఎవరును జీతమీయలేదు. కాలువ గుంటలో కలియు చోట, మంచమంత వెడల్పున, మోకాలి లోతున వేరొక గొయ్యి త్రవ్వియుంచెను. ఇసుక, బురద, ఆకు అలము అందులోనే ఆగిపోయెడివి. రోహిణీ కార్తెలో ఆ గొయ్యి ఎండగా, బురదను తట్టలతో మోసి అరటి పాదులకు వేసెడివాడు. నడుమ జమ్మును, తుంగను ఉంచి, కచూరిపానా అని బెంగాలీవారు పిలుచు గుర్రపుడెక్కను మాత్రము పెరికివేసెడివాడు. ఆవలి ఒడ్డున పాత ఇటుకలతో చిన్న అలుగు కట్టెను.

పెరికిన దానిని మేము గట్టు మీదికి లాగుచుండగా ఒకనాడు నేనడిగితిని, "తాతా, ఈ నీళ్ళను ఒక్కసారిగా కాలువలోకి వదిలేస్తే పోదా?" అని. ఆయన నవ్వి, "నీటికి ఎల్లే దోవ సూపాల, కూకునే సోటూ సూపాల బాబూ. సోటు సూపకపోతే అది మనింటిలోకే వచ్చీస్తాది" అనెను.

పిమ్మట చరిత్ర చదువుకొన్నప్పుడు ఆ ముసలివాని చేతిపనికి ఎంత ప్రాచీన వంశము కలదో గ్రహించితిని. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును క్రీ. శ. 1369లో విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించెను. ఆ చెరువు శాసనము ఒక చిన్న నీటిశాస్త్రము. రెండేండ్ల పాటు దినమునకు వేయిమంది కూలీలును, నూరు బండ్లును పనిచేసినట్లు అందు కలదు. మంచి చెరువునకు పండ్రెండు అంగములును, విడువవలసిన ఆరు దోషములును అది చెప్పును. కట్ట నుండి నీరూరుట, చవిటి నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువయై భూమి ఎక్కువగుట, భూమి తక్కువయై నీరు ఎక్కువగుట, ఇవి ఆ దోషములు. సరిహద్దు దోషమును గూర్చి ఫైళ్ళతో కాలము గడుపు మనబోటివారు ప్రత్యేకముగా ఆలోచింపవలెను. ఇద్దరి హద్దున నున్న చెరువును ఇద్దరును చూడరు. రెండు శాఖల నడుమ నున్న గుంట గతియు అదియే.

నిర్మాణము ముగిసిన పిమ్మట చెరువును పోషించుటకు మనవారు చేసిన ఏర్పాటు దశబంధము. చెరువు త్రవ్వినవానికో, దానిని బాగుచేయు భారము వహించినవానికో కొంత భూమిని మాన్యముగా ఇచ్చెడివారు. రాయలసీమ, నెల్లూరు ప్రాంతములలో ఈ మాన్యములు ఆంగ్లేయుల కాలమునను నిలిచియుండెను. చెరువు పాడయినచో మాన్యమునకు ఆధారమే పోవును; అందుచేత కాపరి స్వార్థమును, ఊరి మేలును ఒక్కటియే అయ్యెను. నీటిని పంచుటకు నీరటికాడు వేరుగా నుండెడివాడు. పూడిక తీయు బండ్ల కొరకు దానములిచ్చిన శాసనములును కలవు.

పంతొమ్మిదవ శతాబ్దిలో ఈ కట్టుబాటు సడలెను. చెరువుల బాధ్యత క్రమముగా ప్రభుత్వ శాఖలకు మారెను. కట్టలు తెగు సమయమున గ్రామస్థులచే బలవంతముగానైనను పని చేయించుటకు మద్రాసు ప్రభుత్వము 1858లో చట్టము చేసెను. 1883లో చెరువుల పునరుద్ధరణ పథకము మొదలుపెట్టెను. మాన్యముతో నడచిన పని చట్టముతో నడువవలసి వచ్చెను. తెలంగాణములో 46,000కు పైగా చెరువుల పూడిక తీయుటకు 2015లో మిషన్ కాకతీయ ఆరంభమైనప్పుడు కూడ అసలు ప్రశ్న ఇదియే: ఈసారి తీసిన పూడిక మరల చేరినప్పుడు తట్ట పట్టువారెవరు?

ఇక నవీన శాస్త్రము ఈ విషయమున ఏమి చెప్పుచున్నది? 1950ల ప్రాంతమున జర్మనీలో కేటే జైడెల్ అను విదుషి నీటిమొక్కల చేత మురికినీటిని శుభ్రపరచు ప్రయోగములు చేసెను. ఆ త్రోవన పెరిగిన విద్యనుబట్టి నేడు అనేక దేశములలో ఇండ్ల నడుమనే వాననీటి కొరకు చిత్తడి కుంటలు నిర్మించుచున్నారు. వాటి అమరిక విన్నప్పుడు నాకు మా గుంటయే కండ్ల యెదుట కనబడెను. నీరు ప్రవేశించు చోట బురద ఆగుటకు ఒక చిన్న గొయ్యి. తరువాత జమ్ము, తుంగ పెరుగు లోతులేని మడుగు. చివర కొంచెము లోతైన నీరు. నీటిని మెల్లగా విడుచు తూము. పెద్ద వానకు అలుగు. మొక్కల కాండములు నీటి వేగమును తగ్గించును. మన్నును, దానికి అంటిన నూనె, లోహ కణములును అడుగున చేరును. వేళ్లను, కాండములను పట్టియుండు సూక్ష్మజీవులు మురికిని జీర్ణించును. వాన మొదటి నీరే అన్నిటికంటె మలినమైనది గనుక దానిని ఒకటి రెండు దినములు నిలిపి విడుచుట ప్రధానము.

ఈ కుంట దానంతట అది బ్రతుకునని తలచుట పొరపాటు. పూడిక గొయ్యి సగము నిండినప్పుడే దానిని తీయవలెను. ఆలసించినచో బురద మడుగులోనికి ప్రాకి మొక్కలను చంపును. మృగశిరకు ముందే తూమును, అలుగును చూడవలెను. ప్రతి పెద్దవాన తరువాత తూము నోట చిక్కిన చెత్తను తొలగింపవలెను. దీపావళి దాటిన పిమ్మట ముదిరిన జమ్మును కోసి బయట వేయవలెను. అచటనే కుళ్లినచో అది పీల్చిన మలినము మరల నీటిలో కలియును. గుర్రపుడెక్కను కనబడిన నాడే పెరుకవలెను. బెంగాలులో దాని బాధ ఎంతటిదనగా, 1936లో దాని నిర్మూలనమునకై ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చెను.

దోమల సంగతి అందరును అడుగుదురు. ఉష్ణకాలములో దోమ గ్రుడ్డు నుండి రెక్కల దోమ యగుటకు రమారమి వారము పది దినములు పట్టును. పై నీరు రెండు దినములలో దిగిపోయినచో ఆ నీటిలో అది ఎదుగజాలదు. అడుగున నిలుచు నీటిలో చిన్న చేపలుండవలెను. డెంగ్యూ దోమ విశేషముగా కోరునది పాత టైరులో, కొబ్బరిచిప్పలో నిలిచిన కొద్ది నీటినే. కావున చక్కగా కాపాడిన కుంట కంటె, దాని గట్టున మనము పారవేయు చెత్తయే ఎక్కువ ప్రమాదకరము. మరియొక మాట. మా గుంట అంచున తూటికూర కోసికొనుటకు పొరుగు ఇల్లాండ్రు వచ్చెడివారు. వీధి మలినమును పట్టి ఉంచు నీటిలోని కూర తినదగినది కాదని ఇప్పుడు తెలిసికొంటిమి.

ఖరగ్‌పూరునకు నాలుగైదు గంటల ప్రయాణములోపలనే తూర్పు కలకత్తా చిత్తడి నేలలు కలవు. 12,500 హెక్టారుల ఆ ప్రదేశమున నగరపు మురుగునీటిని చేపల చెరువులు శుభ్రపరచుచున్నవి. ఆ సంగతిని లోకమునకు చాటినవారు ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ (1947–2018). 2002లో వానికి రామ్‌సర్ ఒడంబడిక గుర్తింపు లభించెను. కాని వానిని దినదినము బ్రతికించుచున్నది కాగితపు గుర్తింపు కాదు. గట్లు సవరించి, నీటిని తెలిసి విడుచు జాలరుల చేయి.

మా గుంట కథకు ముగింపు చెప్పవలసియున్నది. ఆ వృద్ధుడు కాలధర్మము నొందిన తరువాత రెండు వేసవులు ఎవరును గొయ్యి తీయలేదు. ఎవరో తీయుదురని అందరమును ఊరకుంటిమి. గుర్రపుడెక్క నీటిని కప్పెను. ఎట్లును పాడయినదే గదా యని మేమే ఇంటి చెత్తను, విరిగిన ఇటుకలను అందు వేసితిమి. అలుగు ఎక్కడనుండెనో తెలియకుండ పోయెను. నా కళాశాల చదువు ముగియు నాటికి అది పిల్లలు ఆడుకొను చదునైన నేల. ఆ ఏటి శ్రావణములో ఒక రాత్రి వాననీరు మా వరుస ఇండ్లలోనికి వచ్చెను. మా అమ్మ బియ్యపు డబ్బాను మంచము మీదికి ఎత్తుచు ఆ ముసలివాని తలచుకొనెను. తప్పు ఆకాశముదియు కాదు, కాలువదియు కాదు. ఆ తప్పు మాది.

పశ్చిమ బెంగాలులో 1984 నాటి లోతట్టు మత్స్యశాఖ చట్టమునకు 1993లో చేసిన సవరణ వలన, అయిదు కఠాలు మించిన నీటి తావులను పూడ్చుట నిషిద్ధము. మంచి చట్టము. అయినను చట్టము పూడ్చువానిని ఆపగలదు గాని పూడిక తీయువానిని పుట్టింపలేదు. మన బడ్జెటులోను కొత్త పనులకు ఒక పద్దు, మరమ్మతులకు వేరొక పద్దు. ప్రారంభోత్సవము మొదటిదానికే జరుగును. మనము క్వార్టర్లలో నున్నను, సొంత ఇండ్లలో నున్నను, మన వీధి నీరు చేరు పల్లమెక్కడనున్నదో ముందు తెలిసికొనవలెను. పిమ్మట దానికి ఒక మనిషిని, ఒక దినమును, కొంత సొమ్మును కేటాయింపవలెను. ఇదియే నేటి దశబంధము. ప్రతి సంక్రాంతికి ముగ్గుల పోటీ నడుపుకొను సంఘములకు రోహిణీ కార్తెలో ఒక్క ఉదయము పూడిక తీయించుట అసాధ్యము కాదు.

ఆ వృద్ధుని తట్ట కొంతకాలము మా పెరటి గోడకు తగిలించియుండెను. అది మా చేతికి అందు ఎత్తుననే ఉండెను. మేము దానిని తీసికొనలేదు.